విత్తే ముందు ఒక్క రాత్రి: వరి మాగాణుల్లో పప్పుధాన్యాల మొలకకు బలమిచ్చే విత్తనశుద్ధి

రాయ్‌పూర్ చుట్టూ విస్తరించిన ఛత్తీస్‌గఢ్ మైదానంలో అక్టోబరు, నవంబరు మాసాలు వరి కోతల కాలం. ఏడాది వర్షపాతంలో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. కోతల నాటికి నేలలో మిగిలేది వరి వదిలిన తడి మాత్రమే. ఆ పదను ఉన్న కొద్ది రోజుల్లోనే శనగ, పెసర, ఖేసరి వంటి పప్పుధాన్యాల గింజ నేలలో పడి, మొలిచి, వేరును లోతుకు పంపుకోవాలి. వారం ఆలస్యమైతే పైపొర ఎండి గట్టిపడుతుంది. మొలక నేలను చీల్చుకొని పైకి రాలేకపోతుంది. రెండోసారి విత్తుదామంటే అప్పటికి తడి మిగలదు. వర్షాధార రైతుకు ఆ మొలక తప్పితే రబీ మొత్తం తప్పినట్లే.

వరి తరువాత ఖాళీగా ఉండిపోయే భూముల విస్తీర్ణం తక్కువేమీ కాదు. హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2001లో ఒక అంచనాను ప్రకటించింది. దక్షిణాసియాలో ఇటువంటి భూమి సుమారు 1.43 కోట్ల హెక్టార్లు ఉండగా, అందులో 1.16 కోట్ల హెక్టార్లకు పైగా భారతదేశంలోనే ఉన్నట్లు తేలింది. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ ప్రాంతానిది అందులో పెద్ద వాటా. ఈ భూముల్లో రెండో పంట నిలబడేదీ లేనిదీ మొదటి పదిహేను రోజుల్లోనే చాలావరకు తేలిపోతుంది. విత్తే ముందు గింజకు చేసే ఉపచారాలకు, అంటే విత్తనశుద్ధికి, ఇంత ప్రాధాన్యం రావడానికి కారణం అదే.

ఉతేరా, మాగాణి మినుము: ఒకే ఆలోచన

ఛత్తీస్‌గఢ్ రైతులు తడి ఆరిపోకముందే గింజను నేలకు చేర్చేందుకు ‘ఉతేరా’ అనే పద్ధతిని తరతరాలుగా అనుసరిస్తున్నారు. వరి ఇంకా చేనులో నిలిచి ఉండగానే, కోతకు సుమారు రెండు మూడు వారాల ముందు, ఖేసరి, శనగ, అవిసె వంటి గింజలను చల్లుతారు. వరి కోసే వేళకు కింద మొలకలు లేచి ఉంటాయి. స్థానికంగా తివ్రా అని పిలిచే ఖేసరి ఈ పద్ధతికి పెట్టింది పేరు. దీర్ఘకాలం అధికంగా తింటే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉన్న పప్పు ఇది. అందువల్ల విషపదార్థం తక్కువగా ఉండే ‘మహాతివ్రా’ రకాన్ని రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించింది.

తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. కృష్ణా, గుంటూరు డెల్టాల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము, పెసర చల్లి, మిగిలిన పదనుతోనే అపరాలు పండించడం చిరకాలపు వాడుక. దున్నకుండా, ఎరువు వేయకుండా, పైతడి లేకుండా పెరగవలసిన ఆ మొలకకు గింజలోని సొంత బలమే మొదటి ఆధారం. రాయ్‌పూర్ మైదానంలోనైనా, కృష్ణా డెల్టాలోనైనా సమస్య ఒక్కటే కనుక పరిష్కారాలూ చాలావరకు ఒక్కటే.

రాయ్‌పూర్‌లో ఈ రంగానికి సంబంధించిన సంస్థలు రెండు ఉన్నాయి. ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1987లో ఏర్పడింది. నగర సమీపంలోని బరోండాలో ఉన్న జాతీయ జీవసంబంధ ఒత్తిడుల యాజమాన్య సంస్థ నూతన ప్రాంగణాన్ని ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2021 సెప్టెంబరు 28న జాతికి అంకితం చేశారు. పంటలను పీడించే తెగుళ్లు, పురుగులు, కలుపు మొక్కలపై పరిశోధన ఈ సంస్థ బాధ్యత.

మొలక శాతం వేరు, మొలక బలం వేరు

విత్తన సంచికి కట్టిన చీటీ మీద కనిపించేది మొలక శాతం. భారతీయ విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం శనగకు కనీసం 85 శాతం, కంది, పెసర, మినుములకు 75 శాతం, సోయాచిక్కుడు, వేరుశనగలకు 70 శాతం మొలక ఉండాలి. ఈ లెక్క ప్రయోగశాలలో, చాలినంత తేమ, తగిన ఉష్ణోగ్రత మధ్య తీసినది. వరి దుబ్బుల మధ్య, ఆరిపోతున్న నేలలో పడిన గింజకు అంత అనుకూలత దొరకదు.

ప్రతికూల స్థితిలోనూ త్వరగా, ఒకే తీరుగా, దృఢంగా మొలకెత్తగల శక్తిని మొలక బలం అంటారు. దీనిని కొలవడానికి 1973లో అబ్దుల్ బాకీ, ఆండర్సన్ అనే శాస్త్రవేత్తలు సూచించిన సూత్రం నేటికీ వాడుకలో ఉంది. మొలక శాతాన్ని మొలక సగటు పొడవుతో గుణిస్తే వచ్చేదే బల సూచిక. ఉదాహరణకు రెండు సంచుల్లోని గింజలూ 85 శాతం మొలిచాయనుకుందాం. ఒక సంచి మొలకల సగటు పొడవు 20 సెంటీమీటర్లు, రెండో దాని మొలకలది 14 సెంటీమీటర్లు అయితే, మొదటి దాని సూచిక 1700, రెండో దానిది 1190. చీటీ మీద రెండూ సమానమే. చేనులో మాత్రం మొదటి దాని వేరు ముందుగా లోతు తడిని అందుకుంటుంది.

ఇంట్లో దాచుకున్న గింజను వాడే రైతు ముందుగా చేయవలసింది మొలక పరీక్ష. కలగలిపి తీసిన వంద గింజలను తడిపిన గోనె ముక్కలో వరుసలుగా పేర్చి, చుట్టి, తడి ఆరకుండా నీడన ఉంచితే వారం రోజుల్లో ఫలితం తెలుస్తుంది. శనగ హెక్టారుకు 75 కిలోలు చాలునన్న సిఫారసు 85 శాతం మొలకను దృష్టిలో ఉంచుకొన్నదైతే, 60 శాతమే మొలిచే గింజ సుమారు 106 కిలోలు కావలసి వస్తుంది. పుచ్చు పురుగు తొలిచిన గింజను, నలిగిన గింజను, తాలును ముందే ఏరివేయాలి. చచ్చిన గింజను ఏ విత్తనశుద్ధీ బతికించలేదు.

నీరు తాకిన గింజలో ఏం జరుగుతుంది

పొడి గింజ నీటిని మూడు దశల్లో స్వీకరిస్తుంది. మొదటి దశలో వేగంగా పీల్చుకొని ఉబ్బుతుంది. జీవం ఉన్న గింజ, లేని గింజ అనే తేడా ఈ దశలో కనిపించదు. రెండో దశలో నీటి ప్రవేశం దాదాపు నిలిచిపోతుంది. పైకి ఏమీ జరగనట్లే ఉంటుంది గాని, లోపల పని అంతా అప్పుడే సాగుతుంది. నిల్వలో దెబ్బతిన్న కణపు పొరలు బాగవుతాయి. ఎంజైములు మేల్కొని, బీజదళాల్లోని పిండిపదార్థాలను, మాంసకృత్తులను మొలకకు అందే రూపంలోకి మారుస్తాయి. మూడో దశలో మొదటి వేరు పొరను చీల్చుకొని బయటకు వస్తుంది.

పప్పుధాన్యాలకు ఈ ప్రక్రియలో ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. వీటి బీజదళాలు పెద్దవి. బాగా ఎండిన గింజలోకి, ముఖ్యంగా పైపొర చిట్లిన గింజలోకి, నీరు ఒక్కసారిగా దూసుకుపోతే కణాలు పగులుతాయి. లోపలి చక్కెరలు బయటకు స్రవిస్తాయి. ఆ తీపి నేలలోని శిలీంధ్రాలకు పిలుపు వంటిది. సోయాచిక్కుడు గింజ నూర్పిడి యంత్రపు దెబ్బకే మొలక కోల్పోవడానికి దాని పలుచని పొరే కారణం. దీనికి విరుద్ధంగా పెసర, ఖేసరి వంటి పంటల్లో కొన్ని గింజల పొర నీటిని చొరనీయనంత గట్టిగా ఉంటుంది. అవి ఆలస్యంగా మొలిచి, పైరు ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది.

రాత్రి నానబెట్టి, ఉదయం విత్తడం

మొలకెత్తడంలోని మొదటి రెండు దశలనూ చేనులో కాక ఇంట్లోనే పూర్తిచేయించడం నానబెట్టి విత్తే పద్ధతిలోని కీలకం. బ్రిటన్‌లోని బాంగర్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ హారిస్, ఆయన సహచరులు ఈ పద్ధతిని రైతుల పొలాల్లో విస్తృతంగా పరీక్షించారు. బంగ్లాదేశ్‌లోని బరింద్ మెట్ట ప్రాంతంలో వరి తరువాత వేసిన శనగను ఎనిమిది గంటలు నానబెట్టి విత్తగా, మొలక త్వరగా లేచి, దిగుబడి పెరిగింది. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తూర్పు భారత రాష్ట్రాల వరి మాగాణుల్లోనూ ఇదే పద్ధతిని శనగతో ప్రోత్సహించారు.

చేసే విధానం సులభం. రాత్రి పడుకోబోయే ముందు శనగ గింజలను మునిగేటంత మంచి నీటిలో పోసి, ఎనిమిది గంటల పాటు ఉంచాలి. తేలిన తాలును తీసివేయాలి. ఉదయం నీరు వంచి, గింజలను నీడలో పరచి, చేతికి అంటుకోకుండా, గొర్రులోంచి సాఫీగా జారేటంతవరకు ఆరబెట్టి, ఆ రోజే విత్తాలి. నానిన గింజ బరువెక్కుతుంది కనుక విత్తన మోతాదును నానబెట్టక ముందే తూచుకోవాలి. గొర్రు రంధ్రాన్ని ఉబ్బిన గింజకు తగినట్లు సరిచూసుకోవాలి.

ప్రతి పంటకూ ఒక సురక్షిత కాలపరిమితి ఉంటుంది. ఆ పరిమితి లోపల నానిన గింజ, నేలలో తడి దొరికేవరకు మొలకను ఆపుకోగలదు. పరిమితి దాటితే ఇక ఆగదు. బయటకు వచ్చిన లేత వేరు గొర్రులో విరిగిపోతుంది, లేదా ఎండిపోతుంది. కొత్త రకమో, కొత్త పంటో అయినప్పుడు గుప్పెడు గింజలను వేరువేరు గంటల పాటు నానబెట్టి, ఆరబెట్టి చూసి, ఏ గడువు దాటితే మొలక తనంతట తానే వస్తున్నదో తెలుసుకోవడం మేలు. వాన వచ్చి విత్తడం ఆగిపోతే నానిన గింజను కుప్పగా, గాలి చొరని సంచిలో ఉంచరాదు. పలుచగా పరచి నీడన పూర్తిగా ఆరనివ్వాలి.

సోయాచిక్కుడు, వేరుశనగ గింజలను ఇలా గంటల తరబడి నానబెట్టడం ప్రమాదకరం. వాటి పొర సున్నితమైనది. పొడి మందు పట్టించడం, లేదా కొద్దిపాటి ద్రావణాన్ని చల్లి తేలికగా కలపడం వాటికి తగిన మార్గం.

బియ్యపు నేలలో లోపించే చిటికెడు ధాతువు

ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలలను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నాలుగు రకాలుగా గుర్తిస్తారు. భాటా గులకరాళ్లతో కూడిన ఎర్రని మెరక. కన్హార్ నల్లరేగడి. మటాసీ, డోర్సా ఈ రెంటికీ నడిమి నేలలు. శనగకు కన్హార్, డోర్సా అనువైనవి. మెరక నేలల్లో ఆమ్లగుణం ఎక్కువ. ఆమ్ల నేలలో మాలిబ్డినం అనే సూక్ష్మధాతువు మొక్కకు అందదు. వేరు బుడిపెల్లో గాలిలోని నత్రజనిని స్థిరీకరించే ఎంజైముకు మాలిబ్డినం తప్పనిసరి. అది లేకుంటే బుడిపెలు ఉన్నా పని జరగదు, ఆకులు పాలిపోతాయి.

ఎకరాల కొద్దీ నేలకు చల్లడం కంటే, నానబెట్టే నీటిలో లీటరుకు అర గ్రాము సోడియం మాలిబ్డేట్ కలిపి గింజ ద్వారానే అందించే విధానాన్ని బరింద్‌లోనూ, తూర్పు భారతంలోనూ శనగపై పరీక్షించారు. మొక్కకు కావలసినది అత్యల్పం కనుక ఆ కాస్త చాలు. మోతాదు మించితే మొలకకు హాని. ఆమ్లగుణం లేని నల్లరేగడిలో దీని అవసరం సాధారణంగా కనిపించదు. కాబట్టి భూసార పరీక్ష చేయించుకున్న తరువాతే నిర్ణయించుకోవాలి.

మొలకను కాపాడే మందులు

వరి దుబ్బులు కుళ్లే తడి నేల మొదలుకుళ్లు తెగులుకు అనువైన చోటు. శనగ మొలక నేలను తాకే చోట తెల్లని బూజు పట్టి, మొక్క వాలి చనిపోతుంది. నేలలో ఏళ్ల తరబడి బతికే శిలీంధ్రం వల్ల ఎండు తెగులు వస్తుంది. పంట చివర్లో వేడి పెరిగి, తడి తగ్గితే వేరుకుళ్లు తలెత్తుతుంది. మొక్క పెరిగాక వీటికి పిచికారీ చేసి లాభం ఉండదు. రక్షణ గింజతోనే వెళ్లాలి.

ఇందుకు రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి, ఆ పంటకు అనుమతి ఉన్న శిలీంధ్రనాశక మందును లేబుల్ మీద సూచించిన మోతాదులో పట్టించడం. రెండోది, మేలుచేసే శిలీంధ్రమైన ట్రైకోడెర్మా విరిడి పొడిని కిలో గింజకు 5 నుంచి 10 గ్రాముల వంతున పట్టించడం. ఈ రెండూ ఒకే గింజకు వాడరాదు. కార్బెండజిమ్ వంటి మందు హానికర శిలీంధ్రంతో పాటు ట్రైకోడెర్మానూ చంపుతుంది. పెసర, మినుముల్లో తొలి వారాల్లో రసం పీల్చే పురుగుల బెడద, వాటి ద్వారా వ్యాపించే వైరస్ తెగుళ్ల భయం ఉన్న చోట కీటకనాశక మందుతో విత్తనశుద్ధి చేస్తారు.

మందు పట్టించిన గింజను మనుషులు గాని, పశువులు గాని తినరాదు. చేతికి తొడుగులు, ముఖానికి గుడ్డ తప్పనిసరి. మిగిలిన గింజను ఇంటి ధాన్యంలో కలపరాదు.

చివరి పూత: రైజోబియం

పప్పుధాన్యాల వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుందని జర్మన్ శాస్త్రవేత్తలు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ 1880ల్లో నిరూపించారు. 1888లో డచ్ శాస్త్రవేత్త బైయెరింక్ ఆ జీవిని వేరుచేశాడు. రైజోబియం కల్చర్‌గా రైతులు ఎరిగిన పొడి ఆ ఆవిష్కరణల ఫలమే.

అయితే ఒకే రైజోబియం అన్ని పంటలకూ పనికిరాదు. శనగకు దానిదైన జాతి ఉంది. కంది, పెసర, మినుము, అలసంద ఒక వర్గం. బఠాణీ, మసూర్, ఖేసరి మరొక వర్గం. సోయాచిక్కుడుది ఇంకొకటి. ప్యాకెట్ మీద పంట పేరు చూడకుండా కొంటే డబ్బు వృథా. నెలల తరబడి నీరు నిలిచిన వరి మళ్లలో శనగకు కావలసిన బాక్టీరియా సంఖ్య పడిపోతుంది. ఎన్నడూ శనగ వేయని మడిలో అది అసలే ఉండకపోవచ్చు. అందువల్ల మాగాణి శనగకు ఈ కల్చర్ అవసరం మరింత ఎక్కువ.

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం రైజోబియం పొడిలో గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలు ఉండాలి. ఎండలో, వేడి గదిలో ఉంచిన ప్యాకెట్‌లో అవి మిగలవు. గడువు తేదీ చూసి కొని, చల్లని చోట భద్రపరచాలి. నీటిలో బెల్లం వేసి కాచి, పూర్తిగా చల్లార్చిన పలుచని పాకాన్ని గింజలపై చల్లి, పది కిలోల గింజకు 200 గ్రాముల పొడి వంతున సమంగా పట్టించాలి. అరగంట నీడన ఆరబెట్టి వెంటనే విత్తాలి. పాకం వేడిగా ఉంటే బాక్టీరియా చస్తుంది. ఎండ తగిలినా అంతే.

వరుస తప్పితే ఫలితం తప్పుతుంది

విత్తనశుద్ధిలో చాలామంది పొరబడేది వరుసక్రమంలో. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు సూచించే క్రమం ఇది: మొదట శిలీంధ్రనాశకం, తరువాత కీటకనాశకం, చిట్టచివర రైజోబియం. సజీవమైన బాక్టీరియా మందు పొరకు అడుగున కాక పైన ఉండాలి, విత్తే ముందే చేరాలి. రసాయన మందు పట్టించి ఒక రోజు ఆరనిచ్చి, రైజోబియంను మర్నాడు విత్తబోయే ముందు పట్టించడం మంచిది.

రాత్రి నానబెట్టే పద్ధతి పాటించేవారికి ఒక్క ఉదయంలోనే పని ముగియాలి కనుక రసాయనాల కంటే జీవసంబంధమైన మార్గం సుకరం. నానిన గింజ పైతడి ఆరగానే ట్రైకోడెర్మా, ఆ తరువాత రైజోబియం పట్టించి, ఎండ ముదరకముందే విత్తవచ్చు.

సేంద్రియ సాగు చేసేవారు బీజామృతాన్ని వాడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి విస్తరించిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంతో ఈ పేరు తెలుగు గ్రామాలకు సుపరిచితమైంది. ఇరవై లీటర్ల నీటిలో ఐదు కిలోల ఆవుపేడ, ఐదు లీటర్ల ఆవుమూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు పొలంగట్టు మట్టితో దీనిని తయారుచేస్తారు. పలుచని పొర గల పప్పు గింజలను అందులో చాలాసేపు ఉంచరాదు, చటుక్కున ముంచి తీసి నీడన ఆరబెట్టాలి. విత్తే ముందు గింజకు ఉపచారం చేయడమన్నది ఈ దేశంలో ప్రాచీనమైన ఆలోచన. వరాహమిహిరుని బృహత్సంహితలోని వృక్షాయుర్వేద అధ్యాయం గింజలను పాలు, నెయ్యి, పేడతో సంస్కరించే విధానాలను పేర్కొన్నది.

మొలకతో ముగియని పని

మొలక బలంగా ఉన్నంత మాత్రాన గాదె నిండదు. నానబెట్టిన గింజ ఇచ్చే మేలు ఏడాదిని బట్టి, నేలను బట్టి మారుతుంది. తడి సమృద్ధిగా ఉన్న ఏడు తేడా స్వల్పం. పదను అంతంతమాత్రంగా ఉన్న ఏడు అదే తేడా పంటను నిలబెట్టవచ్చు. నేల పూర్తిగా ఎండితే ఏ ఉపచారమూ పనిచేయదు. భాస్వరం లోపించిన నేలలో బుడిపెలు సరిగా కట్టవు.

ఛత్తీస్‌గఢ్‌లో మరో చిక్కు ఉంది. వరి కోతల తరువాత పశువులను స్వేచ్ఛగా మేతకు వదలడం అక్కడి వాడుక. ఊరంతా బీడుగా ఉన్న చోట ఒక్కరు శనగ వేస్తే అది పశువుల పాలవుతుంది. పంట కాలంలో పశువులను కట్టడి చేసే ‘రోకా ఛేకా’ అనే గ్రామ ఆచారాన్ని ప్రభుత్వం పునరుద్ధరించ సంకల్పించింది ఇందుకే. గింజకు రైతు ఒంటరిగా బలం ఇవ్వగలడు. మొలకకు రక్షణ మాత్రం ఊరు కలిసి ఇవ్వాలి.

పప్పుధాన్యాల్లో స్వయంసమృద్ధి జాతీయ కార్యక్రమాన్ని కేంద్ర మంత్రివర్గం 2025 అక్టోబరు 1న ఆమోదించింది. 11,440 కోట్ల రూపాయల వ్యయంతో 2030-31 నాటికి ఏటా 350 లక్షల టన్నుల ఉత్పత్తి సాధించడం లక్ష్యం. వరి తరువాత ఖాళీగా ఉండే భూములతో సహా అదనంగా 35 లక్షల హెక్టార్లను పప్పుధాన్యాల కిందకు తీసుకురావాలని సంకల్పించారు. రాయ్‌పూర్ మైదానం వంటి ప్రాంతాలే ఆ విస్తరణకు ఆలంబన.

ఆ లక్ష్యం చివరకు ఒక రైతు ఇంటి ముంగిట తేలవలసి ఉంది. వంద గింజలతో ఒక మొలక పరీక్ష, ఒక రాత్రి నానబెట్టే నీరు, పంట పేరు చూసి కొన్న ఒక కల్చర్ ప్యాకెట్, అరగంట నీడ. వీటికయ్యే ఖర్చు స్వల్పం. తడి ఆరిపోయాక ఎంత ఖర్చు చేసినా తిరిగి దొరకనివి మాత్రం విత్తే ఆ కొద్ది రోజులే.